కార్తీకంలో రొయ్య కట్టు

కోరులంక ఏరియా ఆసుపత్రిలో గాయాలకు కూడా వారాలూ వర్జ్యాలూ ఉంటాయని కనిపెట్టిన ఘనత సూపరింటెండెంటు డాక్టరు జోగారావు గారిది. అంతకు ముందు అక్కడి గాయాలు ఏ రోజు పడితే ఆ రోజు మానిపోయేవి. అడిగేవాళ్ళు లేక అలా విచ్చలవిడిగా తయారయ్యాయి.

కథంతా రొయ్యతో మొదలైంది. కోరులంకలో సగం ఊరు రొయ్యల చెరువుల మీద, మిగతా సగం రొయ్యల షెడ్ల మీద బతుకుతుంది. షెడ్లలో ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా నిలబడి, తలలు తీసి, తొక్కలు ఒలిచి, మాంసం ఐసు పెట్టెల్లోకీ తొక్కలు కుప్పల్లోకీ వేస్తారు. మాంసం ఓడలెక్కి దేశాలు పోతుంది. తొక్కల కంపు ఒక్కటే ఊరివాళ్ళకు దక్కేది. అలాంటి తొక్కల్లోంచి ఏదో పదార్థం తీసి గాయాలకు కట్టు తయారు చేశారని, వేస్తే రక్తం చప్పున ఆగుతుందని, మొండి పుండ్లు సైతం మానుతున్నాయని చెప్పి పై ఆఫీసు వాళ్ళు ఆసుపత్రికి నాలుగు పెట్టెలు పంపారు. చూస్తే తెల్లటి దూది పలకలా ఉంది. వాసనా లేదు, రుచి సంగతి ఎవరూ చూడలేదు.

డ్రెస్సింగు గది సిస్టరు ఎస్తేరు రాణి ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం మాయ డాక్టరుగారూ?" అంది. పందొమ్మిదేళ్ళుగా కోరులంక పుండ్లన్నిటికీ కట్లు కట్టిన మనిషి ఆవిడ. కొత్త మందంటే ముందు అనుమానం, తర్వాత ఆశ.

"మాయేం లేదు సిస్టర్," అంది సర్జన్ మెహరున్నీసా. "చెట్టులో పీచు, బియ్యంలో గంజి, రొయ్య మీద తొక్క, అన్నీ ఒక్క వంశానివే. పంచదార జాతి అణువులు వేలకు వేలు దండ గుచ్చినట్టు గుచ్చుకుంటే ఇవన్నీ అవుతాయి. ఒంటికి పరాయిదనిపించదు. పనైపోయాక మెల్లిగా కరిగిపోతుంది. ఒక్కటే జాగ్రత్త, రొయ్యలు పడనివాళ్ళకు వేయకుండా ముందు అడుగు."

బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్న నూకాలమ్మ ఈ మాట విని కాలు ముడుచుకుంది.

"అమ్మో! నాకసలే షుగరండి డాట్రమ్మగోరూ. దాని మీద పంచదారెడతారా?"

"తీపి ఉండదమ్మా. నీ షుగరు పెరగదు, నాది హామీ," అని మెహరున్నీసా నవ్వింది.

నూకాలమ్మ ముప్పై ఏళ్ళుగా షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. నాలుగు నెలల క్రితం కింద పడ్డ రొయ్య తల మీద అడుగేసింది. దాని ముల్లు అరికాల్లో దిగింది. షుగరు మనిషి కావడంతో ఆ చిన్న గాటు ఉసిరికాయంత గుంటైంది. ఎన్ని మందులు వేసినా మానలేదు. ఇక చీలమండ పైదాకా కాలు తీసేయడమే దారి అనుకుంటున్న సమయంలో ఈ పెట్టెలు దిగాయి.

"కాలు పోతే పనీ పోయినట్టేనండి," అంది నూకాలమ్మ. "ఎనిమిది గంటలు నిలబడే పని. ఒంటికాలి మనిషిని గేటు కాడే ఆపేత్తారు."

"రొయ్యలు పడతాయా నీకు?"

"భలేవారే! ఆటి మజ్జిలోనే పుట్టి పెరిగాను."

పదిహేను రోజుల్లో గుంట సగం పూడింది. అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించిన రోజున ఎస్తేరు రాణికి కళ్ళ నీళ్ళొచ్చాయి. ముల్లును ముల్లుతోనే తీయాలన్నారు పెద్దలు. రొయ్య చేసిన గాయానికి రొయ్యే మందైందని ఆవిడ వార్డు వార్డుకూ తిరిగి చెప్పుకుంది. చెప్పుకోకుండా ఉంటే బాగుండేదేమో.

ఎందుకంటే ఆ శనివారం సూరపరాజు గారు వచ్చారు. ఊళ్ళో పెద్దమనిషి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో సభ్యుడు. మోటారుసైకిలు సైలెన్సరు తగిలి పిక్క కాలింది. ఎస్తేరు రాణి కట్టు వేస్తూ మధ్యలో గుర్తొచ్చి అడిగింది.

"రొయ్యలు పడతాయాండీ మీకు?"

"పడకేంవండీ! వారానికి ఆరు రోజులు అయ్యే కదా," అని ఆయన సంతోషంగా సర్దుకుని కూర్చున్నారు. "ఇప్పుడు భోజనాలు కూడా పెడుతున్నారేంటి ఇక్కడ? ఇగురా, వేపుడా?"

"భోజనం కాదండీ. ఈ కట్టు రొయ్య తొక్కతో చేసింది."

సూరపరాజు గారి మొహం మాడిపోయింది. "ఇయ్యాళ శనారం కదండీ! శనారం నేను నీచు ముట్టను! ముప్పై ఏళ్ళ నేవఁవండీ ఇది!"

"మీరు ముట్టలేదండీ. నేనే ముట్టి మీకు అంటించాను."

"అంటిందా లేదా?"

అంటింది. కాదనడానికి లేదు. ఆయన అక్కడికక్కడే కట్టు ఊడదీసి, పంపు కింద నిలబడి తలస్నానం చేసి, తడి పంచెతోనే ఇంటికెళ్ళి ప్రజా ఫిర్యాదుల విభాగానికి ఒక్క వాక్యంలో ఫిర్యాదు పెట్టారు. 'శనివారం నాడు నాకు తెలియకుండా నా పిక్క చేత రొయ్య తినిపించారు.'

జోగారావు గారికి ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. అందులో ఒక్క ఫిర్యాదు లేదు. ఉగాదికి రిటైరైపోతున్నారు. మచ్చలేని సర్వీసు అని శాలువా కప్పే సభకు పిలుపు పత్రిక కూడా మనసులో అచ్చేయించుకున్నారు. అలాంటి మనిషి ఆ కాగితం చూసి రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. రోగులు పోతే దానికి ఫారాలున్నాయి. ఫిర్యాదు వస్తే అది మొహాన పడుతుంది. మర్నాడే ఆసుపత్రి గోడ మీద ఉత్తర్వు వెలిసింది.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, చర్మము కూడా శరీరములో భాగమే అయినందున, చర్మము ద్వారా లోనికి పోవునది సైతము ఆహారముగానే పరిగణింపబడును. కావున గాయపడినవారిని శాకాహార, మాంసాహార, మరియు కోడిగుడ్డు మాత్రము తిను వర్గములుగా విభజించి, వర్గమును సూచించు గుర్తును సులభముగా కనిపించు స్థలమున అంటించవలెను. గాయపడినవారి ఆచార నియమములకు భంగము కలిగినచో సదరు సిబ్బందియే బాధ్యులు.'

గుర్తులు ఎక్కడినుంచి వస్తాయి? ఆసుపత్రి బడ్జెట్టులో గుర్తులకు పద్దు లేదు. చివరికి బజారులో ఫ్యాన్సీ షాపు నుంచి స్టిక్కరు బొట్లు తెచ్చారు. ఆకుపచ్చవి శాకాహారులకు, ఎర్రవి మాంసాహారులకు, పసుపువి గుడ్డు వాళ్ళకు. సులభముగా కనిపించు స్థలమంటే నుదురే కదా. మీసాలు మెలేసిన చేపల లారీ డ్రైవర్లు ఎర్ర బొట్లతో వరసలో నిలబడ్డారు. వాళ్ళ వెనకాల ఆకుపచ్చ బొట్టుతో పోలీసు హెడ్డు నిలబడ్డాడు. తన సొంత బొట్టుతో వచ్చిన టీచరమ్మను పాపం మాంసాహారుల గదిలోకి తోలేశారు. గుడ్డు వాళ్ళకు ఏ కట్టు వేయాలో ఉత్తర్వులో లేకపోవడంతో పై నుంచి స్పష్టత వచ్చేదాకా వరండాలో కూర్చోమన్నారు. వాళ్ళు కూర్చున్నారు.

డ్రెస్సింగు గది మధ్యలో తెర కట్టారు. కత్తెరలు రెండు, గిన్నెలు రెండు, చివరికి చెత్తబుట్టలు కూడా రెండు. షుగరు చార్టు పక్కన పంచాంగం వేలాడింది. సోమవారం, గురువారం, శనివారం, ఏకాదశి నాడు రొయ్య కట్టు లేదని బోర్డు రాశారు. ఎస్తేరు రాణికి తెర అటుపక్కకూ ఇటుపక్కకూ తిరగడంతోనే పొద్దు గడిచిపోయేది.

"సార్, నేను చర్చికెళ్ళే దాన్ని. నాకు పంచాంగం చూడ్డం రాదు," అని మొర పెట్టుకుంది.

"నేర్చుకోవాలి సిస్టర్," అన్నారు జోగారావు గారు. "వైద్యవృత్తిలో నిరంతర విద్య అవసరం."

తలకు చుట్టిన రోకలి అంతటితో దిగలేదు. రొయ్య అంటే జలచరం. జలచరాన్ని నిల్వ చేయాలంటే మత్స్యశాఖ అనుమతి ఉండాలి కదా అని సూపరింటెండెంటు గారికి అర్ధరాత్రి మెలకువ వచ్చి తోచిందట. వెంటనే లేఖ రాశారు. ఫిషరీస్ ఇన్‌స్పెక్టరు సింహాద్రి గారు ఐసు పెట్టెతో సహా జీపు దిగారు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్నుతో ఉంటాడాయన. ఆయనకు తెలిసిన ప్రపంచంలో రెండే ఉన్నాయి, తాజా సరుకు, పాడైన సరుకు.

కట్టు ప్యాకెట్టు విప్పి వాసన చూశాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"మెత్తబడలేదు. రంగు మారలేదు. కౌంటెంతండి?"

"కౌంటేంటండీ?" అంది ఎస్తేరు రాణి.

"కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటా, అరవై కౌంటా? తలతోనా, తల తీసిందా?"

"ఇది గాయానికి వేసే కట్టండీ బాబూ!"

"దేనికి వేసినా రొయ్య రొయ్యేనమ్మా." ఆయన రాసుకున్నాడు. 'తల కనబడలేదు. కావున తల తీసినది.' తర్వాత ప్యాకెట్లన్నీ ఐసులో పెట్టించాడు. వెళ్ళబోతూ గొప్ప శాఖా రహస్యం చెప్పినట్టు చెప్పాడు. "మీ డిపార్టుమెంటులో అన్నీ డాక్టర్లే చెబుతారు. మా దగ్గర అలా కాదమ్మా. సీలు వేసిన సరుకు మంచిదో కాదో ఆఫీసరు చెప్పడు. పాతికేళ్ళు అనుభవమున్న ఒలుపు మనిషి చెబుతుంది. ప్రతి ప్యాకెట్టూ విడిగా చూడాలి. మేం సంతకం పెడతాం, అంతే."

ఎస్తేరు రాణి ఆ మాట సగమే విన్నది. ఆ రోజుకి ఆవిడ దృష్టంతా గడ్డకట్టిన కట్లను చంకలో పెట్టుకుని కరిగించడం మీదే ఉంది.

అప్పుడొచ్చింది కార్తీక మాసం.

కార్తీకంలో కోరులంకలో కోళ్ళు ప్రశాంతంగా తిరుగుతాయి. ఆదివారాలు కూడా మాంసం కొట్లు వెలవెలబోతాయి. జోగారావు గారు ఆలోచించారు. ఈ ముప్పై రోజుల్లో పొరపాటున ఒక్క నియమస్థుడి కాలికి రొయ్య తగిలినా ఇంకో ఫిర్యాదు ఖాయం. మళ్ళీ ఉత్తర్వు. 'పాడ్యమి మొదలు అమావాస్య వరకు గాయపడిన వారందరూ శాకాహారులుగానే భావింపబడుదురు.' మిగిలిన ఇరవై నాలుగు ప్యాకెట్లను బీరువాలో పెట్టి, లక్క సీలు వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నారు.

నూకాలమ్మ కాలికి మామూలు గుడ్డ కట్టు వచ్చింది. నాలుగు రోజులకు కొత్త కండ పాలిపోయింది. ఎనిమిదో రోజుకు అంచులు నల్లబడ్డాయి. మెహరున్నీసా చూసి, గదిలోంచి బయటికొచ్చి, చిన్న గొంతుతో ఎస్తేరు రాణికి చెప్పింది.

"ఇవాళ గురువారం. సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే నలుపు పాకితే పెద్దాసుపత్రికి రాయాల్సిందే. కాలు తీసేస్తారు. సార్‌ని రెండుసార్లు అడిగాను, పంచాంగం తీసి చూపించారు."

ఎస్తేరు రాణికి ఒళ్ళు మండిపోయింది. నేరుగా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. వెనకే గోడ పట్టుకుని కుంటుతూ నూకాలమ్మ వచ్చింది. అక్కడ సూరపరాజు గారు కూడా ఉన్నారు. పాత ఫిర్యాదు వెనక్కి తీసుకున్నందుకు ఆయన్ని 'ఆచార పరిరక్షణ ఉపసంఘం'లో వేశారు. ఆయన పిక్కకు ఆకుపచ్చ వర్గం గుడ్డ కట్టు ఉంది. పుండు మానలేదు గానీ నియమం చెక్కుచెదరలేదు.

"ఈవిడ మాంసాహారి సార్," అంది ఎస్తేరు రాణి. "కార్తీకంలోనూ తింటుంది. ఈవిడ ఒక్కదానికైనా కట్టు ఇప్పించండి."

"మినహాయింపు ఉంది సిస్టర్, మేమేమైనా కసాయివాళ్ళమా?" అని జోగారావు గారు ఫారం తీశారు. "మాంసాహార ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలి. అమ్మా, నువ్వు నిత్యమూ మాంసాహారము భుజింతువా?"

"తింటానండి బాబుగోరూ. సోమారం ఒక్కరోజు మానేత్తాను, అదీ కార్తీకం కదాని."

ఉపసంఘం ఒకరి మొహం ఒకరు చూసుకుంది.

"అంటే ఏడింట ఒక వంతు శాకాహారివి," అన్నారు జోగారావు గారు బాధగా. "సదరు ఏడో వంతు శరీరములో ఎక్కడ ఉన్నదో గుర్తించనిదే కట్టు వేయుట కుదరదు. అది అరికాల్లోనే ఉంటే?"

"అరికాల్లో ఎందుకుంటదండీ, పొట్టలో ఉంటది గానీ!"

"నీ మాట సాక్ష్యం కాదమ్మా. ప్రత్యక్ష భక్షణ జరగాలి. ఉపసంఘం సమక్షంలో తిని చూపించాలి."

మర్నాడు శుక్రవారం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టారు. తినేది అసలైన రొయ్యలే అని ధ్రువీకరించడానికి సింహాద్రి గారికి కబురెళ్ళింది. నూకాలమ్మ తెల్లారే లేచి వండింది. కాలు పోతుందన్న భయంతో వండినా ఆ చేయి రుచి ఎక్కడికి పోతుంది? అల్లం, పచ్చిమిరపకాయలు, చింతచిగురు వేసి దగ్గరగా ఇగిర్చిన రొయ్యలు క్యారేజీ మూత తీయగానే సూపరింటెండెంటు గది నిండిపోయాయి. బయట క్యూలో ఉన్న ఆకుపచ్చ బొట్లన్నీ కిటికీ దగ్గరికి జరిగాయి.

సింహాద్రి ఒక రొయ్యను పరీక్షించి, "నలభై కౌంటు, తల తీసినది, అసలైనదే," అని ప్రకటించాడు.

నూకాలమ్మ అన్నం కలిపి ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. ఎస్తేరు రాణి ఉపసంఘం వైపు చూసింది.

"తిన్నది," అన్నారు జోగారావు గారు మెల్లిగా. "కానీ అలవాటు చొప్పున తిన్నదా, కట్టు కోసం తిన్నదా?"

"ఆ తినే తీరు చూడండి సార్," అన్నారు సూరపరాజు గారు. ఆయన గొంతులో గుటక పడింది. "చింతచిగురు... వేళ్ళు... అలవాటేనండీ. అలవాటు లేని మనిషి అలా నాకదు." ఇంకో గుటక పడింది. "ఏం వాసనండీ బాబూ! మా ఆవిడ చచ్చినా ఇలా ఇగర్చలేదు."

అని, ఠక్కున ఆగిపోయారు. ఏదో ఘోరం గుర్తొచ్చినట్టు ముక్కు మూసుకున్నారు.

"సార్! ఆఘ్రాణమే అర్ధభోజనం అన్నారు కదండీ! మరి మనం...?"

జోగారావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన నోట్లోనూ అప్పటికే నీళ్ళూరి ఉన్నాయి. "సగం భోజనం! మనమిద్దరం కలిసి పూర్తి భోజనం! కార్తీకంలో!"

ఉపసంఘం ఉన్నపళంగా వాయిదా పడింది. వ్రతభంగం జరిగినందున అమావాస్య వెళ్ళేవరకు మళ్ళీ సమావేశం కావడం కుదరదని నడుస్తూనే తీర్మానించి, ఇద్దరూ కాలువలో మునగడానికి పరుగెత్తారు. సూరపరాజు గారు ఒంటి పిక్క ఎత్తి కుంటుతూ పరుగెత్తారు.

గదిలో ముగ్గురు మిగిలారు. నూకాలమ్మ కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. ఏడుపు ఆపుకుంటోంది. "తినమన్నారు, తిన్నాను. ఇంకేం తినాలండి సిస్టరమ్మగోరూ?"

ఎస్తేరు రాణికి పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ ఉద్యోగం మొహాన కొట్టి పోదామనిపించింది. బీరువా అక్కడే ఉంది. లక్క సీలు ఎర్రగా మెరుస్తోంది. అందులో ఉన్న ఇరవై నాలుగు దూది పలకలు ఈ మనిషి కాలు. ఇద్దరు పెద్దమనుషులు కలిసి ఆ కాలికి తాళం వేసి, తాళంచెవి తీసుకుని స్నానానికి పోయారు.

సింహాద్రి మాత్రం నింపాదిగా క్యారేజీ దగ్గరికి జరిగాడు. "ఇది పారేస్తే పాపం కదమ్మా," అని ఇగురు గిన్నెలోకి వేలు పెట్టాడు. "నాకు కార్తీకం లేదు. ఫిషరీస్‌లో ఉండి చేపలు మానేస్తే శాఖకు ద్రోహం."

ఆ మాట చెవిన పడగానే ఎస్తేరు రాణికి ఆయన పాత మాట గుర్తొచ్చింది.

"ఇన్‌స్పెక్టరుగారూ! మీ రూలు ప్రకారం సీలు వేసిన సరుకు మంచిదో కాదో ఎవరు చెప్పాలన్నారు?"

"ఒలుపు మనిషి. పాతికేళ్ళు అనుభవం తక్కువ కాకుండా."

"ఈవిడకి ముప్పై."

సింహాద్రి నమలడం ఆపాడు.

"ఆ బీరువాలో సీలు వేసిన జలచర సరుకుంది," అంది ఎస్తేరు రాణి ఒక్కో మాటా ఒత్తి. "అమావాస్య తర్వాత దాన్ని రోగులకు ఇవ్వాలంటే ముందు పరీక్ష జరగాలి కదా? ప్రతి ప్యాకెట్టూ విడిగా? వాసన చూస్తే కట్టు సంగతి తెలుస్తుందా? పుండు మీద వేసి చూస్తేనే తెలుస్తుంది. పుండూ అనుభవమూ ఒకే మనిషికి ఉన్నాయి. జిల్లాలో ఇంకెక్కడైనా దొరుకుతుందా ఇలాంటి పరీక్షకురాలు?"

ఇన్‌స్పెక్టరు మొహం వెలిగిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన రూలును ఇంకో శాఖవాళ్ళు ఇంత ప్రేమగా అడగడం ఇదే మొదలు. అక్కడే బల్ల మీద కూర్చుని, ఎడమ చేత్తో తింటూ కుడి చేత్తో రాయడమా, కుడి చేత్తో తింటూ ఎడమ చేత్తో రాయడమా అని కాసేపు సతమతమై, చివరికి చేయి కడుక్కుని లేఖ రాశాడు.

జోగారావు గారు తడి బట్టలతో తిరిగొచ్చేసరికి ఆ లేఖ ఆయన బల్ల మీద ఉంది. రెండుసార్లు చదివారు. జుట్టు నుంచి నీళ్ళు కారి సంతకం చేసే చోట పడుతున్నాయి.

"ఇది చికిత్స కాదు కదా?"

"చికిత్స కాదు సార్, నాణ్యతా పరీక్ష," అంది ఎస్తేరు రాణి.

"రొయ్య కట్టు వేయుట కాదు?"

"కాదు సార్. వేసి చూచుట."

"ఫిర్యాదు రాదు కదా?"

"రాదండీ. నివేదిక వస్తుంది."

నివేదిక అన్న మాట వినగానే ఆయన ప్రాణం కుదుటపడింది. నివేదిక ఎప్పుడూ ఎవరినీ ఏమీ చేయలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చారు.

ఆ సాయంత్రమే మొదటి ప్యాకెట్టు పరీక్ష జరిగింది. ఎస్తేరు రాణి కట్టు వేసింది. నూకాలమ్మ కళ్ళు మూసుకుని, అధికారిక హోదాలో, అరికాల్లో ఎలా ఉందో చెప్పింది. సింహాద్రి ఇచ్చిన ఫారంలో ఎస్తేరు రాణి నింపింది. 'ప్యాకెట్టు ఒకటి. ముల్లు లేదు. మంట లేదు. చల్లగా ఉన్నది. కౌంటు తెలియరాలేదు.' నూకాలమ్మ వేలిముద్ర వేసింది.

"ఒక్కదాంతో ఏం తెలుత్తదండీ," అంది పెద్ద ఆఫీసరులా. "రేపు రెండోది కూడా చూడాలి."

సోమవారం మెహరున్నీసా కట్టు విప్పింది. నలుపు పాకలేదు. పెద్దాసుపత్రికి రాద్దామని తెచ్చుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. ఏ వర్గం చెత్తబుట్టో కూడా చూసుకోలేదు.

పరీక్షలు సాగాయి. ఎనిమిదో ప్యాకెట్టుకు 'అంచులు గులాబీ రంగు తిరిగినవి, సరుకు బాగున్నది' అని రాశారు. పదిహేనో ప్యాకెట్టుకు 'కాలు కింద మోపి చూడబడినది, సరుకు చాలా బాగున్నది.' మధ్యలో ఒక ఆదివారం సూరపరాజు గారు దొడ్డి గుమ్మం దగ్గర కనిపించి, ఎస్తేరు రాణితో గుసగుసగా, "ఏవండే, ఇయ్యాళ ఆదారం కదండీ... నా పిక్క మీద కూడా ఓ పరీక్ష చేత్తారా?" అని అడిగారు.

"మీకు ఒలుపులో పాతికేళ్ళ అనుభవముందాండీ?"

"తినడంలో ఉందండి."

"అది కుదరదండీ, రూలు ఒప్పుకోదు." ఎస్తేరు రాణి ఆ నెలంతటికీ మొదటిసారి హాయిగా నవ్వుకుంది.

మార్గశిరం వచ్చిన వారానికి ఉపసంఘం మళ్ళీ కూర్చుంది. జోగారావు గారు మంచి ఉత్సాహంలో ఉన్నారు. ఫిర్యాదు ఒక్కటీ లేకుండా కార్తీకం దాటింది. వరండాలో గుడ్డు వాళ్ళు కూడా వాళ్ళంతట వాళ్ళే మానిపోయి ఇళ్ళకెళ్ళారు. బల్ల మీద బంగారు అంచు ఉన్న పత్రం సిద్ధంగా ఉంది. నూకాలమ్మను పిలిచారు. ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చింది. గోడ పట్టుకోలేదు. నుదుట ఎర్ర బొట్టు, చేతిలో ఇరవై నాలుగు కాగితాల నివేదిక.

"చూశావా, ప్రభుత్వం తలచుకుంటే పని ఆగదు," అని జోగారావు గారు లేచి నిలబడి చదివారు. "'శ్రీమతి నూకాలమ్మ అను వ్యక్తి నిక్కమైన మాంసాహారి అని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఇది రాబోవు కార్తీకము వరకు చెల్లును.' సంతకం చేసేముందు లాంఛనంగా అడగాలి. ఇప్పటికీ మాంసాహారివే కదా?"

"కాదండి బాబుగోరూ," అంది నూకాలమ్మ.

పెన్ను ఆగింది.

"కాదంటే?"

"మానేశానండి. ఇంక తిననండి."

"తినవా! అయితే... అయితే రొయ్య కట్టు శాకాహారి కాలికి...! సిస్టర్! తక్షణం కట్టు విప్పించండి! ఈ క్షణం!"

నూకాలమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని, ముందున్న స్టూలు మీద అరికాలు ఆనించి పెట్టింది. కట్టు లేదు. గుంట లేదు. ఉసిరికాయంత నలుపు ఉండే చోట అర్ధరూపాయంత మేర నున్నటి లేత చర్మం, పసిబిడ్డ చెంపలా.

"విప్పండి బాబూ," అంది. "ఏది విప్పుతారో నేనూ చూత్తాను."

జోగారావు గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. సూరపరాజు గారు తన పిక్క వైపు ఒకసారి, ఆ అరికాలి వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు. పక్కనే నిలబడ్డ ఎస్తేరు రాణి ముందుకొచ్చింది.

"మరి ఎందుకు మానేశావు నూకాలమ్మా?" అని అడిగింది. ఆ సంగతి ఆవిడకీ తెలియదు.

"ముప్పై ఏళ్ళు దాని తోలు ఒలిచానండి సిస్టరమ్మగోరూ. ఒక్కనాడు పాపమనుకోలేదు. అదొచ్చి నా కాలికి తోలు తొడిగింది. ఇంకెట్టా తింటానండి దాన్ని?"

అని, ఎర్ర బొట్టు తీసి సంతకం లేని ఆ పత్రం మీద, బంగారు అంచు పక్కన అంటించి, గోడ గడియారం వైపు చూసింది.

"రెండింటి షిఫ్టుకి టైమైపోతందండి. ఆలస్యమైతే గేటేసేత్తారు," అంటూ రెండు కాళ్ళ మీదా గబగబా నడుచుకుంటూ రొయ్యలు ఒలవడానికి వెళ్ళిపోయింది.